అవెల్లో మీద మూత

ఆర్దేలియో వంతు ఇంకా రాలేదు. చెస్ట్‌నట్ చెట్ల మధ్య చదునులో, నల్ల వెల్వెట్ కోటు, దాని మీద నేను కుట్టిన జరీ, తల మీద ఈకల టోపీ, నడుముకు కత్తి, అన్నీ సరిగ్గానే పెట్టుకుని మా ఆయన తన వరసలో నిలబడి ఉన్నాడు. కళ్లు మాత్రం ఇక్కడ లేవు. సంతకు వచ్చి తన కొట్టు ఏ మూలన ఉందో మరిచిపోయిన మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాడు. నేను బెంచీ చివర కూర్చున్నాను. చివరే కావాలని పెందరాళే వచ్చి పట్టుకున్నాను, చివర కూర్చున్నవాళ్లయితే ఎవరి మోకాళ్లూ దాటకుండా లేవొచ్చు. కాళ్ల దగ్గర గడ్డి అల్లిన వైన్ సీసా పెట్టుకున్నాను, అది నీడలోనే ఉంది. ఫిడేలు అదే రాగాన్ని తిప్పి తిప్పి లాగుతోంది, వెనక అకార్డియన్ ఊపిరి తీసుకుంటోంది, రాజు గారు అంటే రొట్టెల బట్టీ మనిషి, తన కూతుర్ని ఎవరికీ ఇవ్వనని పాడుతున్నాడు. ఈ ఆటను మేం మజ్జో అంటాం, అంటే మే నెల. ఆడేది ఆగస్టులో. డబ్బా మీద ఒక పేరు, లోపల మరో సరుకు. ఇంకెవరైనా అయితే తగాదా పెట్టుకునేదాన్ని, సొంత ఊరు గనక ఊరుకుంటాను. ఎండ ఆకుల్లోంచి చిల్లర నాణేల్లా రాలుతోంది, గడ్డి మీద పడి కదులుతోంది, ఏరుకోవడానికి ఎవరూ వంగరు.

"చేతులు అలా నలుపుకోకే ఆర్జియా, వేళ్లు ఊడొస్తాయి" అంది పక్కనున్న పల్మీరా. నాకంటే పెద్దది, ఇంట్లో ముగ్గుర్ని కాటికి సాగనంపిన మనిషి, విసనకర్రతో తనకి కాకుండా నాకే విసురుతోంది. "నలుపుకోవడం లేదు, జున్ను వాసన వదిలించుకుంటున్నా" అన్నాను. "జున్ను వాసన నీకు చర్మంతో పాటే పోవాలి" అంది. నిజమే. ఎన్నేళ్లు, కాస్తెల్‌నువోవో సంతలో గురువారం గురువారం నిలబడి, జున్ను, ఫర్రో గోధుమలు, చెస్ట్‌నట్ పిండి, పాలరాతి తొట్టిలో ఊరబెట్టిన పంది వీపు కొవ్వు. మనిషి ముక్కను ఎలా పట్టుకుంటాడో చూస్తే చాలు, కొంటాడా, ఊరికే రుచి చూసి పోతాడా చెప్పేస్తాను. బొటనవేలితో నొక్కేవాడు కొనడు. వాసన చూసి కళ్లు మూసుకునేవాడు కొంటాడు, ధర అడగడు కూడా. గల్లియానో నొక్కే రకం. ఈ ఆటను నడిపేది అతనే, పుస్తకం పట్టుకుని పాడేవాళ్ల వెనకాలే తిరుగుతూ ప్రతి పంక్తి మొదలూ చెవిలో అందించేదీ అతనే. ఇప్పుడు కూడా రాజు గారి భుజం వెనక పాత చొక్కాతో వంగి నడుస్తున్నాడు. అతన్ని చూడనట్టు అందరం చూస్తాం, అది మా అలవాటు.

వసంతంలో అతను మా ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ముందే చెప్పేశాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. "వదినా, ఈసారి అన్న వద్దు. మొన్న వంతెన దగ్గర కనిపిస్తే నన్నే నువ్వెవరివని అడిగాడు. జనం ఎదుట మాట తప్పితే, ఎవడైనా నవ్వితే, నేను తట్టుకోలేను." మంచివాడు. మంచివాళ్లతో బేరం కష్టం, వాళ్లు మన మేలు కోరి ధర పెంచుతారు. నేను ముందు రాజు వేషం అడిగాను. గల్లియానో బెంబేలెత్తిపోయాడు, రాజు గారికి ఆట మొదలు నుంచి చివరి దాకా పాటలే. సరే అయితే ముసలి మంత్రి అన్నాను. అదీ కుదరదన్నాడు. ఇక తల పట్టుకుని నేను దిగాలుగా కూర్చుంటే, అతనే నోరు తెరిచి, "మరి, ఎప్పుడూ వేసేదే, చచ్చిపోయే వీరుడు..." అన్నాడు. నాకు కావలసింది అదే. అడగవలసినదాన్ని ఎప్పుడూ చివరికే ఉంచాలి, అవతలివాడు తన చేత్తో తీసి ఇచ్చేదాకా. కానీ అతనూ ఊరికే ఇవ్వలేదు. "తడబడితే?" అన్నాడు. "తడబడితే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను. మళ్లీ ఆ చదునుకు తీసుకురాను" అన్నాను. చేతులు కలిపాం. ఇప్పుడు ఆ మాట నా ఒళ్లో కూర్చుని ఉంది, బరువుగా.

ఆయన నాలుగు పంక్తులు పాడాలి. అంతే. యుద్ధం అవుతుంది, శత్రువు కత్తి తగులుతుంది, మోకాలి మీద వాలి నాలుగు పంక్తులు పాడి గడ్డిలో పడుకోవాలి. ఆ నాలుగో పంక్తి చివరి మాట అవెల్లో. అవెల్లో అంటే సమాధి. కానీ మా కొండల్లో ఎవరూ అలా అనరు. పల్మీరా తన మొగుణ్ణి గోతిలో పెట్టామంటుంది, ఫాదర్ సమాధి అంటాడు, పంచాయతీ ఆఫీసువాళ్లు స్థలం అంటారు. అవెల్లో అనేది పాటలో మాత్రమే బతికే మాట. గొర్రెలు కాసినవాళ్లు, బడికి పోనివాళ్లు కూడా మజ్జోలో దిగితే ఆ మాటను నోరు నిండా పలుకుతారు. పండగ కోటు లాంటిది, ఏడాదికి ఒకసారి పెట్టెలోంచి తీసి తొడుక్కుని మళ్లీ మడతపెట్టేస్తారు. పెళ్లయి ఈ లోయకు వచ్చిన కొత్తలో, నేను కొండకు అటువైపు, పాలరాతి గనుల ఊరి పిల్లని, మొదటిసారి ఆయన చావు చూశాను. పక్కనే ఉన్న అత్తగారిని అవెల్లో అంటే ఏంటత్తా అని అడిగితే, "వాడు పడుకోబోయే చోటు, మాట్లాడకు, చచ్చిపోతున్నాడు" అంది. చచ్చిపోయాడు. కాస్త ఆగి లేచి, మోకాళ్లు దులుపుకుని నడిచి వెళ్లి బెంచీ మీద కూర్చుని ఉల్లిపాయ, రొట్టె తిన్నాడు. మజ్జోలో చచ్చినవాళ్లు అలాగే లేచి వెళ్లిపోతారు, ఎవరికీ వింత కాదు, మోయడానికి మనుషులు ఎక్కడ దొరుకుతారు. నాకు మాత్రం ఆ రోజు ఆ పద్ధతి నచ్చింది. పని అయిపోయింది, లేచి పోయాడు, ఖర్చు లేదు.

రాకుమారి వచ్చింది. బస్సు నడిపేవాడి కూతురు, గొంతు బాగుంది, ఆఖర్న కాస్త వణికిస్తుంది, ఎవరో నేర్పి ఉంటారు. ఒక కందిరీగ నా సీసా మూతి చుట్టూ తిరుగుతోంది. ఆయన టోపీ సర్దుకున్నాడు. సరే, చెయ్యి కదిలింది. పొద్దున వంటింటి సింకు దగ్గర నిలబెట్టి మొహం కడిగాను, రోజూ అలాగే, ఆయన తల వంచుతాడు, మెడ మీద నీళ్లు పోస్తాను, సబ్బు కళ్లలో పడకుండా నా అరచెయ్యి నుదురు మీద అడ్డు పెడతాను. ఏ రోజు గురువారమో తెలియదు, కూతురు దిల్వా ఫోన్ చేస్తే ఏ దిల్వా అంటాడు, కానీ చెవుల మీంచి నీళ్లు కారుతుంటే ఆ సింకు లోపలికి వంగి ఆ నాలుగు పంక్తులూ మూలుగుతూ పాడతాడు, ఒక్క అక్షరం పోకుండా. అందుకే బేరానికి దిగాను. సరుకు చూడకుండా నేను మాట ఇవ్వను.

సింకును మేం లవెల్లో అంటాం. వంటింట్లో గిన్నెలు కడిగేది. ఆ మాటకీ అవెల్లోకీ చుట్టరికం ఉందని నాకు చెప్పింది మార్సిలియా టీచరమ్మ, లుక్కా నుంచి ఈస్టర్ ముందు వచ్చి కొవ్వు ముక్క కొనుక్కుపోయేది. పిల్లలకి లాటిన్ చెప్పి చెప్పి రిటైరైన మనిషి. కళ్లు మూసుకుని వాసన చూసే రకం. ఒకసారి నేలమాళిగలోకి తీసుకెళ్లాను, తొట్టి చూపిస్తానని. నా పుట్టింటి నుంచి లారీలో తెచ్చుకున్న తొట్టి అది, ఒకే పాలరాతి దిమ్మ, మా తాత లోపల తొలిచాడు, పైన పాలరాతి పలకే మూత. వెల్లుల్లితో గోడలు రుద్ది, కొవ్వు పలకలు ఒక వరస, గళ్ల ఉప్పు, మిరియాలు, రోజ్‌మేరీ, మళ్లీ ఒక వరస, మూత వేసి వదిలేస్తే, ఉప్పు తన నీళ్లు తనే ఊరుస్తుంది. నెలలకి తీస్తే తెల్లగా, నాలుక మీద కరిగిపోతుంది. టీచరమ్మ ఆ మూత మీద చెయ్యి పెట్టి నవ్వింది. "ఆర్జియా, నీ దగ్గర అసలైన అవెల్లో ఉంది, తెలుసా" అంది. "శుభం పలకండి టీచరమ్మా, ఇందులో పంది తప్ప ఎవరూ లేరు" అన్నాను. అప్పుడు చెప్పింది, అక్కడే, వెల్లుల్లి వాసనలో నిలబడి. రోమ్‌వాళ్ల భాషలో లాబెల్లుమ్ అంటే చిన్న తొట్టి. స్నానానికి, కాళ్లు కడుక్కోవడానికి, ద్రాక్ష రసం పట్టడానికి. అంతే. చావుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. తర్వాత రోమ్ పోయింది, స్నానాలూ పోయాయి, రాతి తొట్లు మాత్రం మిగిలాయి. జనం వాటిలో శవాలు పెట్టడం మొదలెట్టారు. లాబెల్లుమ్ నోళ్లలో నలిగి లవెల్లో అయింది, ఆ తొట్టి పేరే సమాధికి వచ్చింది. మాట ముందున్న 'ల' అనే అక్షరాన్ని అదేదో మా భాషలో మాటల ముందు తగిలించే ముక్క అనుకుని జనమే ఊడబీకేశారు, లవెల్లో కాస్తా అవెల్లో అయింది. సమాధి దగ్గరకు పోయినది అక్షరం పోగొట్టుకుంది, వంటింట్లో ఉండిపోయినది ఉంచుకుంది.

టీచరమ్మ ఇదంతా చెబుతుంటే ఆమెకి అక్షరాల మీద ధ్యాస, నాకు ఆ మొదటి మనిషి మీద. ఎవడో ఒకడు ముందు ఆ పని చేసి ఉండాలి కదా. వాడి తండ్రి పోయాడు. కొత్త రాయి తొలిపించాలంటే నెలలు, తొలిచేవాళ్లు ఊళ్లో లేరు, యుద్ధాలకి భయపడి పారిపోయారు. పెరట్లో తాతల నాటి స్నానపు తొట్టి, అడుగున నీళ్లు పోయే చిల్లి, కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. వాడు దాన్ని చూశాడు. తండ్రిని చూశాడు. కొలత సరిపోతుందా అని కళ్లతోనే కొలిచాడు, నాకు తెలుసు, నేనైనా అదే చేసేదాన్ని. చిల్లికి బిరడా కొట్టి, కడిగి, ఆరబెట్టాడు. కడిగాడు అన్నది ముఖ్యం. చుట్టుపక్కలవాళ్లు ఛీ అని ఉంటారు, రెండేళ్లకి వాళ్లే ఎక్కడైనా పాత తొట్టి ఉందా అని అడిగి ఉంటారు. సంతలో కొత్త సరుకు అలాగే నడుస్తుంది. ఆ తర్వాత వందల ఏళ్లకి పద్యాలు రాసేవాళ్లు ఆ మాటను ఏరుకున్నారు, చల్లగా ఉందనో, మూత పడ్డ శబ్దం వినిపిస్తుందనో. వాళ్లకి కోళ్ల సంగతి తెలియదు. ఒకే సరుకు, రెండు అంగళ్లు. ఒక అంగట్లో పట్టుబట్ట మీద పెట్టారు, ఇంకో అంగట్లో గిన్నెల కింద.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆర్దేలియోకి చెప్పాను, అప్పటికి ఆయన బాగానే ఉన్నాడు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "అంటే ఏమే, ఇన్నేళ్లుగా నేను సింకులో చస్తున్నానా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయనకి కోపం ఆగలేదు. వారం రోజులు గిన్నెలు కడగనన్నాడు, ఇది నా సమాధి, నా సమాధిలో మీ గిన్నెలేంటి అని. ఊరంతా చెప్పుకుని నవ్వారు, పల్మీరా అయితే వీధిలో కనిపిస్తే చాలు, "ఏమయ్యా వీరుడా, కుళాయి కట్టేశావా లేదా" అనేది. కానీ ఆ ఏడు ఆగస్టులో ఆయన ఆ మాటను వేరుగా పాడాడు. అంతకు ముందు గట్టిగా, ఛాతీ విరుచుకుని, బండ పడ్డట్టు పాడేవాడు. ఆ ఏడు మెత్తగా పాడాడు. ఇంటికొస్తూ అడిగితే, "దిల్వా గుర్తొచ్చింది" అన్నాడు. నాకూ అదే గుర్తొచ్చింది. దిల్వా పుట్టింది జనవరిలో, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టిన చలి. పిల్లకి స్నానం చేయించడానికి తొట్టి లేదు, బకెట్టు పగిలింది. నా పాలరాతి తొట్టి అప్పుడే కొండ దాటి వచ్చింది, ఇంకా ఉప్పు తగల్లేదు. పాలరాయి మంచు కన్నా చల్లన. ఆయన పొయ్యి మీద నీళ్లు కాచి తొట్టిలో పోసి, పారబోసి, మళ్లీ పోసి, రాయి లోపలి నుంచి వెచ్చబడేదాకా తన మోచెయ్యి ఆనించి చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపెడితే, "రాయికి టైమివ్వాలే" అన్నాడు. ఆ తర్వాత పిల్లని దించాడు. అది ఏడవలేదు. అంత తెల్ల రాయిలో అంత ఎర్ర పిల్ల.

కత్తులు తగులుకుంటున్నాయి. ఎక్కడున్నాను నేను. యుద్ధం మొదలైపోయింది, ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా గెంతుతూ, ఒకసారి కత్తి, ఒక పంక్తి పాట, ఒకసారి కత్తి. ఆర్దేలియో కత్తి ఎత్తాడు. కాళ్లకి ఆ అడుగులు తెలుసు. కాళ్లు మరిచిపోలేదు. పల్మీరా విసనకర్ర ఆగిపోయింది. శత్రువు, మా పక్కింటి ప్లంబరు, చాలా మెల్లగా ఆయన చంకలోంచి కత్తి దూర్చాడు, ఎంత జాగ్రత్తగా అంటే ఇంజెక్షన్ ఇస్తున్నట్టు. ఆయన మోకాలి మీద వాలాడు. గల్లియానో వెనక్కి చేరి వంగి మొదటి మాట అందించబోయాడు. అందించనక్కర లేకపోయింది.

"సెలవిక పచ్చని నేలా, సెలవిక పదునైన కత్తీ,
ఎక్కిన గుర్రమా సెలవు, మొక్కిన కొండా సెలవు,
నన్ను కన్న గడ్డ మీదే నా కళ్లు మూతపడనీ,
అన్నా, నీ చేత్తో వెయ్యవోయి మూత నా అవెల్లోకి."

మెత్తగా. ఆ చివరి మాట అందరికీ చేరిందో లేదో, నాకు చేరింది. ఆయన పక్కకి ఒరిగి వెల్లకిలా పడుకున్నాడు, టోపీ దొర్లింది. జనం చప్పట్లు కొట్టారు. బేరం గెలిచాను అనుకున్నాను. "ఈసారి కుళాయి బాగానే కట్టాడే" అంది పల్మీరా, కళ్లు తుడుచుకుంటూ. ప్లంబరు కత్తి ఒరలో పెట్టి తప్పుకున్నాడు. ఫిడేలు ఒక చుట్టు తిరిగింది, చచ్చినవాడు లేచి వెళ్లేందుకు అంతే వాయిస్తారు. ఇంకో చుట్టు తిరిగింది. ఆయన లేవలేదు.

లేవడం మరిచిపోయాడు. నేను మాటల గురించే భయపడ్డాను, ఇన్ని నెలలుగా మాటలే తూచాను, మాటలే రోజూ సింకు దగ్గర సరిచూశాను. లేవడాన్ని సరిచూడలేదు. ఎవరు చూస్తారు, చావడం నేర్పుతారు గానీ లేవడం ఎవరు నేర్పుతారు. ఛాతీ కదులుతోంది, నాకు ఇక్కడి నుంచే తెలుస్తోంది, వెల్వెట్ మీద జరీ పైకి, కిందికి. గల్లియానో పుస్తకం అడ్డు పెట్టుకుని వంగి ఏదో అన్నాడు. ఆయన కదల్లేదు. రాకుమారి తన పంక్తి కోసం నోరు తెరిచి మూసింది. వెనక బెంచీలో ఎవరో కుర్రకుంకలు కిసుక్కుమన్నారు, ఎవరో వాళ్లని ష్ అన్నారు. గల్లియానో తలెత్తి జనంలో నన్ను వెతుక్కుని చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, మాట చెల్లించమనే చూపు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లేపితే అయిపోయింది. ఇంటికి తీసుకుపోతాను, మళ్లీ ఈ చదునుకు తీసుకురాను. రోజూ పొద్దున సింకులోకి వంగి పాడతాడు, అక్కడ నేనొక్కదాన్నే వింటాను. అది చిన్న అంగడి. ఇచ్చిన మాట ఇచ్చినదే, నేను మాట తప్పితే సంతలో నా తూకాన్ని ఎవరు నమ్ముతారు. కాలికి సీసా తగిలింది. నీడలో ఉంచాను కనక ఇంకా చల్లగానే ఉంది. పాడి పాడి గొంతు ఎండినవాళ్లకి ఆట మధ్యలో ఎవరైనా వెళ్లి వైన్ ఇవ్వొచ్చు, రాజుకైనా, శత్రువుకైనా, కత్తి పట్టుకునే తాగుతారు, అదీ మా అలవాటే, ఎవరూ తల తిప్పి చూడరు. చచ్చినవాడికి ఇవ్వకూడదని మాత్రం ఎవరు చెప్పారు.

లేచాను. బెంచీ చివర కనక ఎవరి మోకాళ్లూ దాటలేదు. తొందర లేకుండా నడిచాను, సంతలో బేరం తెగేటప్పుడు తొందర పనికిరాదు. దారిలో రాకుమారికి ముందు ఒక గుక్క ఇచ్చాను, తాగింది పాపం, మొహం ఎర్రబడింది. తర్వాత ఆయన పక్కన గడ్డిలో కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. పైన ఆకుల్ని చూస్తున్నాడు, ప్రశాంతంగా, తొట్టిలోకి దించిన పిల్లలా.

"ఏమయ్యా" అన్నాను చిన్నగా. "లేవాలి."

"మూత ఇంకా వెయ్యలేదే" అన్నాడు, నావైపు చూడకుండానే. "అన్న వస్తాడు. మూత వేస్తాడు. పాడాను కదా."

సీసా మూతి అరచేత్తో తుడిచాను. అమ్మడానికొచ్చిన మనిషి గొంతు వణికితే సరుకు పోతుంది.

"మూత నా దగ్గరుంది" అన్నాను. "తొట్టి నాది, మూతా నాదే. ఇంకా ఉప్పు పట్టలేదయ్యా నీకు. ఇప్పుడే వేస్తే పాడైపోతావు. ఇదిగో, తాగు."

అప్పుడు నావైపు చూశాడు. నన్ను చూశాడో, కొవ్వు అమ్మే ఆవిడను చూశాడో, అది నేను తూచలేను. "ఉప్పు పట్టలేదా?" అన్నాడు, ఆ సంగతి కాస్త ఆలోచించాల్సిందే అన్నట్టు. "రాయికి టైమివ్వాలి" అన్నాడు. "ఇవ్వాలి" అన్నాను. సీసా ముందుకు చాచాను. ఆయన సీసా మెడ పట్టుకున్నాడు. నేను అడుగు పట్టుకున్నాను. అలా మెల్లగా, బావిలోంచి చేద లాగినట్టు లాగితే, కూర్చున్నాడు, మోకాలి మీదికి వచ్చాడు, నిలబడ్డాడు. రెండు గుక్కలు తాగి, మోచేత్తో మూతి తుడుచుకుని, అలవాటు ప్రకారం మోకాళ్లు దులుపుకున్నాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, ఈసారి నవ్వుతూ, మంచి నవ్వు. పల్మీరా అరిచింది, "వీరుడికి దాహం తీరాకే చావు!" ఫిడేలు ముందుకు సాగింది. రాకుమారి తన పంక్తి అందుకుంది.

చెట్ల పక్కకి వచ్చేసరికి గల్లియానో పుస్తకం చంకలో పెట్టుకుని మా వెనకే వచ్చాడు. "వదినా, వైన్ ఇవ్వడానికొచ్చారా, తీసుకుపోవడానికొచ్చారా?"

"నేనాయన చెయ్యి పట్టుకోగా చూశావా?"

అతను నా చేతుల వైపు చూశాడు. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో ఈకల టోపీ. బొటనవేలితో పుస్తకం అట్ట నొక్కుకున్నాడు. "లేదు" అన్నాడు. "అయితే వచ్చే ఏడు కూడా సీసా తెచ్చుకోండి. బెంచీ చివర చోటు అట్టే పెడతాను." వెనక్కి పరిగెత్తాడు, రాజు గారు మాట కోసం తడుముకుంటున్నాడు.

చదును కింద ఊట ఉంది, దాని కింద గొర్రెలు నీళ్లు తాగే రాతి తొట్టి. ఆర్దేలియో దాని అంచు మీద చేతులు ఆనించి, నేను చెప్పకుండానే తల వంచాడు. మెడ మీద చెమట, మీసానికి పూసిన నలుపు చెంప మీదుగా చెవి దాకా పాకింది. నీళ్లు దోసిట్లోకి తీసుకుని పోశాను, అరచెయ్యి నుదురుకు అడ్డు పెట్టాను. పైన పాట నడుస్తూనే ఉంది.

"ఎలా పోయాను?" అని అడిగాడు, మొహం నీళ్లలో ఉండగానే.

"బాగా పోయావు" అన్నాను. "కదలకు, చెవి వెనక ఇంకా ఉంది."